మా కేకు, మా ఇష్టం అంటే కుదురుతుందా?

ప్రశ్న: మేడం గారూ, నేను మర్రిపాలెంలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను, అన్నీ ఎగ్‌లెస్సే, ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకుంటాను. మొన్న ఒకావిడ పుట్టినరోజుకి పేరు రాయించి అరకిలో బటర్‌స్కాచ్ కేకు చెప్పి 300 అడ్వాన్స్ ఫోన్‌పే చేశారు. డిజైన్ చూసుకుందామని ఇంటికొస్తే అప్పుడు తెలిసింది ట్రాన్స్‌జెండర్ అని. మా అత్తగారు గుమ్మంలోనే ఆపేసి, మనది మడీ పూజా ఉన్న ఇల్లు, ఈ ఆర్డర్లు వద్దు అనేశారు. ఆవిడ ఏమీ అనలేదు, గేటు దగ్గర ఎండలో నిలబడి డబ్బులు వెనక్కి పడ్డాయో లేదో ఫోన్లో చూసుకుని వెళ్ళిపోయారు. తమ్ముడేమో కేసవుతుంది అంటాడు, మావారేమో అమెరికాలో బేకరీవాడే గెలిచాడుగా అంటారు. ఏది నిజం?
— పేరు వద్దండీ, విశాఖపట్నం

జవాబు: ముందు మీవారి సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ మాట నాకు నెలకి ఇద్దరు ముగ్గురు చెప్తున్నారు. స్వలింగ జంటకి పెళ్ళి కేకు చెయ్యనన్న ఆ అమెరికా కొలరాడో బేకరీవాడు 2018లో అక్కడి సుప్రీంకోర్టులో 7-2 తో గెలిచిన మాట నిజమే, కానీ కొలరాడో పౌరహక్కుల కమిషన్ అతని మతాన్ని చులకన చేసి మాట్లాడిందని గెలిచాడమ్మా, అంతేగానీ షాపువాళ్ళు నచ్చనివాళ్ళని పంపేయొచ్చు అని కోర్టు అనలేదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో కూడా అదే ఏడాది ఒక బేకరీ గెలిచింది, అక్కడ గొడవ కేకు మీద రాయమన్న నినాదం గురించి, స్వలింగ వివాహాన్ని సమర్థించండి అని. ఆ నినాదం ఎవరొచ్చి అడిగినా రాసేవాళ్ళు కాదు కాబట్టి మనిషిని చూసి కాదన్నట్టు కాదు అంది కోర్టు.

మీ దగ్గర ఆవిడ ఏం రాయమంది? హ్యాపీ బర్త్‌డే, పక్కన పేరు, అంతేగా! మీరు గుడ్డు వెయ్యరు, ఎవరికీ వెయ్యరు, అది మీ పద్ధతి, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ పక్కింటి పిల్లకి చేసే బటర్‌స్కాచే ఈవిడకి చెయ్యను అంటే మాత్రం అది వేరే లెక్క.

మన రాజ్యాంగంలో 15(2) అధికరణం షాపులు, హోటళ్ళ పేరు పెట్టి మరీ చెప్పింది, మతం కులం లింగం చూసి లోపలికి రానివ్వకపోవడం కుదరదని. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకీ ఈ రక్షణ ఉందంది. ఇంక 2019లో వీళ్ళకోసమే వచ్చిన చట్టంలో మూడో సెక్షన్, జనానికి అమ్మే సరుకులూ సేవలూ వీళ్ళకి లేవనకూడదు అని. ఇంట్లో చేస్తున్నా స్టేటస్‌లో ఫొటోలు పెట్టి అందరికీ అమ్ముతున్నారు కాబట్టి మా వంటగది మా ఇష్టం అనే మాట నిలబడదు.

తమ్ముడికి చెప్పండి, ఆవిడ ఫిర్యాదు చేస్తే మీకు తిప్పలే. చేస్తుందని నేననుకోను, వీళ్ళకి గుమ్మంలో ఆగిపోవడం అలవాటైపోయింది.

అత్తగారిని మాత్రం ఒక్కటి అడగండి. మన వైజాగ్‌లో షాపు ఓపెనింగ్‌కీ, పిల్లాడు పుట్టినప్పుడూ వీళ్ళ చేత దీవెన పెట్టించుకుని డబ్బులిస్తాం కదా, మీ ఇంట్లో ఎప్పుడూ ఇవ్వలేదా?

నంబర్ మీ ఫోన్‌లోనే ఉంది. పుట్టినరోజు దాటిపోకపోతే ఈరోజే ఫోన్ చేసి తప్పైంది, కేకు చేస్తాను అని చెప్పండి. జాలిపడి ఫ్రీగా ఇవ్వకండి, అందరికీ ఎంతో ఆవిడకీ అంతే.