థెరపీ కోసం మూడు రూపాయల వడ్డీకి లక్ష తేవాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. మావారు ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 42,000 వస్తుంది. మా అమ్మాయి విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం. రెండేళ్లుగా చేతులు కడుగుతూనే ఉంటుంది, స్నానానికి వెళ్తే గంటన్నర. విశాఖలో డాక్టరు గారు ఓసీడీ (అనవసర భయంతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) అని మందులు రాశారు, ఈఆర్‌పీ థెరపీ (భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా సాధన చేయించే చికిత్స) కూడా చేయించమన్నారు. విజయనగరంలో, శ్రీకాకుళంలో అడిగాం, చేసేవాళ్లు మాకు దొరకలేదు. ఆన్‌లైన్‌లో తెలుగులో చేసే ఒకావిడ సెషన్‌కు 1,500 అన్నారు. హైదరాబాద్‌లో ఒక సెంటరు వాళ్లు 30 సెషన్లకు 36,000 ముందే కట్టమంటున్నారు. ఇంటి ఖర్చు, మందులు కలిపి 26,000. భోగాపురం దగ్గర సైటుకి నెలకు 12,000, ఇంకా 14 నెలలు కట్టాలి. లక్ష రూపాయల చీటీకి 4,000, 25 నెలల్లో 15 కట్టాం. చేతిలో ఏమీ మిగలదు. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష ఇస్తానన్నారు. తీసుకోమంటారా సార్? హెల్త్ పాలసీ కూడా లేదు. ఇప్పుడు తీసుకుంటే ఫారంలో ఈ జబ్బు రాయొద్దని ఏజెంటు చెబుతున్నాడు.

జవాబు: తీసుకోవద్దమ్మా. లక్షకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. అసలు అలాగే ఉంటుంది. ఓసీడీకి ఈఆర్‌పీ మామూలుగా 12 నుంచి 20 సెషన్లు నడుస్తుంది. మీకు దొరికిన ఆవిడ దగ్గర 20 చేయించినా 30,000. థెరపీ మొత్తానికయ్యే ఖర్చు కంటే ఏడాది వడ్డీయే ఎక్కువ.

వారానికో సెషన్ చొప్పున ఐదు నెలలు, నెలకు సుమారు 6,000 చాలు. మరి లక్ష ఎందుకు అడుగుతున్నారు? మిగతాది సైటు వాయిదాలు ఆగకుండా ఉండటానికి. ఈ మాట సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి: మీరు చేయబోతున్న అప్పులో పెద్ద భాగం అమ్మాయి కోసం కాదు, భోగాపురం సైటు కోసం. విమానాశ్రయం మాట మొదలైనప్పటి నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఇదే చూస్తున్నానో! ప్రతి రూపాయీ భూమిలోకి వెళ్లిపోతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మాత్రం పది వేలకు కూడా చేబదులే దిక్కు. సైటు ధర రేపు ఎంతకు పోతుందో ఎవరైనా చెబుతారు, కానీ ఈ గురువారం సెషన్‌కు కట్టడానికి అది పనికిరాదు కదా.

మీ ఇంటికి కావలసింది అత్యవసర నిధి. నెలకు 26,000 ఖర్చు, ఆరు నెలలకు 1,56,000. ముందు మూడు నెలలది, 78,000, పోగేయండి. మీ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఈఆర్‌పీ నడిచే తీరే. భయం పుట్టించే పనిని మెట్టుమెట్టుగా చేయిస్తారు. తలుపు గడియ పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఆగమంటారు. ఆందోళన పెరుగుతుంది, కడగకపోయినా కాసేపటికి దానంతటదే దిగుతుంది. ఇది రోజూ ఇంట్లో సాధన చేయాలి. అమ్మాయి "శుభ్రంగానే ఉందా అమ్మా" అని పదేపదే అడిగితే అవునంటూ ధైర్యం చెప్పకుండా ఉండటం మీరూ నేర్చుకోవాలి. ఆ నెలల్లో మీ మిషన్ పని తగ్గుతుంది, రాబడి తగ్గుతుంది. డబ్బు లేక ఎనిమిదో సెషన్ దగ్గర ఆపేస్తే, కష్టపడి ఎక్కిన మెట్లు దిగిపోయే ప్రమాదం ఉంది. నయమయ్యాక కూడా లక్షణాలు తిరిగి వస్తే మళ్లీ కొన్ని సెషన్లు అవసరపడతాయి. అప్పుడు కూడా మూడు రూపాయల వడ్డీ ఆయన దగ్గరికే వెళ్తారా?

డబ్బు మీ దగ్గరే ఉంది. వచ్చే నెల చీటీ పాడండి. 15 నెలలు గడిచాయి కాబట్టి తోసివేత (పాటలో మీరు వదులుకునే సొమ్ము) మరీ ఎక్కువ ఉండకూడదు. 80,000 వరకు చేతికొస్తుందనుకుందాం. జామీనుదారులను ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. అందులో 30,000 థెరపీకి, 50,000 వేరే బ్యాంకు ఖాతాలో. ఆ ఖాతాకు ఫోన్‌లో యూపీఐ పెట్టుకోవద్దు. సైటు వెంచరు వాళ్లను ఆరు నెలలు వాయిదా ఆపమని రాతపూర్వకంగా అడగండి, ఒప్పుకుంటే 72,000 మిగులుతుంది. ఒప్పుకోకపోతే ఆ సైటును మరొకరికి బదలాయించండి, కొంత నష్టమైనా సరే. చీటీ మిగతా పది నెలలూ కట్టాలన్నది మర్చిపోకండి.

30 సెషన్లకు ముందే డబ్బు కట్టకండి. సెషన్‌కు 1,200 పడుతుంది, చవకే. కానీ నాలుగో వారానికే అమ్మాయికి ఆ థెరపిస్టుతో కుదరకపోతే మిగతా డబ్బు ఎవరిస్తారు? ఏ సెషన్‌కు ఆ సెషన్ కట్టండి. ఆన్‌లైన్ ఆవిడ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా అని ముందు చూసుకోండి. ఓసీడీ ఉన్నవాళ్లకు ఈఆర్‌పీ ఎంతమందికి చేశారో, రోజూ ఇంటి సాధన ఇస్తారో లేదో, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడతారో లేదో అడగండి. మనసు విప్పి మాట్లాడుకుందాం, ధ్యానం నేర్పిస్తాం అని మాత్రమే అంటే అది ఈఆర్‌పీ కాదు, ఆ డబ్బు వృథా. ఆన్‌లైన్ కదా అని సందేహించనక్కర్లేదు, భయపెట్టే కుళాయి, తలుపు గడియ ఉన్నది మీ ఇంట్లోనే. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో కూడా ఈఆర్‌పీ చేస్తారా అని అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో, ఉచితంగా దారి చెబుతారు. బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. డాక్టరు గారు రాసిన మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, వాటి ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు.

పాలసీ తీసుకోండి, ముగ్గురికీ. ఫారంలో ఓసీడీ అని రాయండి. దాచి తీసుకున్న పాలసీ క్లెయిమ్ రోజున చిత్తుకాగితమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బులను కూడా శారీరక జబ్బులతో సమానంగా చూడాలి. ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్లకు మించదు. అయితే మామూలు పాలసీ ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తుంది, వారం వారం సెషన్లకు ఇవ్వదు. అందుకే పాలసీ ఉన్నా నిధి ఉండాల్సిందే.

చీటీ డబ్బు ఆలస్యమైతే బ్యాంకులో బంగారం పెట్టి 20,000 తెచ్చుకోండి, లేదా డ్వాక్రా సంఘంలో అడగండి. అంతకు మించి వద్దు. లోన్ యాప్‌ల జోలికి అసలు పోకండి.

తెలిసినాయనకు ఈ రోజే వద్దని చెప్పండి. మొహమాటానికి ప్రామిసరీ నోటు మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, డబ్బు తీసుకోలేదు కాబట్టి ఆ నోటు వెనక్కి తెచ్చుకోండి. ఈ పని మావారు చూసుకుంటారులే అని వదిలేయకండి, మీరూ వెళ్లండి.