ఎనామెల్ మీద బొబ్బలు: పౌడర్ కాదు, పోత ఇనుము చూడండి

కొలిమిలోంచి తీయగానే ఎనామెల్ (ఇనుము మీద కరిగించి అతికించే గాజు పూత) మీద సన్నటి రంధ్రాలు, బొబ్బలు వస్తున్నాయనీ, పౌడర్ మార్చినా తగ్గలేదనీ రాశారు. ఇక పౌడర్‌ని వదిలేయండి. నాకైతే అనుమానమంతా ఇనుము మీదే.

ఎనామెల్‌కి గ్రే కాస్ట్ ఐరన్ (బూడిదరంగు పోత ఇనుము) కావాలి. అందులోనూ కార్బన్ చాలావరకు గ్రాఫైట్ రేకులుగా విడిపోయి, మిగతా ఇనుము మెత్తటి ఫెర్రైట్‌గా (కార్బన్ దాదాపు లేని ఇనుముగా) ఉన్న రకం. ఫౌండ్రీవాళ్లని కార్బన్ 3.2-3.6 శాతం, సిలికాన్ 2.3-2.8 శాతం మధ్య అడగండి. బలం కోసం పోసే పెర్లైట్ గ్రేడ్ దీనికి పనికిరాదు, అందులో ఫెర్రైట్‌తో పాటు కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) పొరలుంటాయి. కార్బైడ్‌గా ఉన్న కార్బన్ 750-850 డిగ్రీల కాల్పులో విడిపోయి గ్యాస్ అవుతుంది. కరిగిన గాజు పొరని చీల్చుకుని అది బయటికొచ్చిన చోటే మీ రంధ్రం.

పాత ముక్క ఒకటి విరగ్గొట్టి చూడండి. లోపల బూడిదరంగు ఉండి, అంచున తెల్లగా మెరిసే గీత కనిపిస్తే అక్కడ పోత త్వరగా చల్లారి, కార్బన్ కార్బైడ్‌గానే ఉండిపోయి గట్టిపడిందన్నమాట. ఆకురాయి పెడితే జారిపోతుంది. పల్చటి గోడల్లో ఇది మామూలే.

ఉన్న స్టాకు పారేయక్కర్లేదు. ఎనామెల్ వేయకుండా ఓసారి అదే వేడికి కాల్చి, నెమ్మదిగా చల్లార్చి, షాట్ బ్లాస్టింగ్ (చిన్న లోహపు గుళ్లు వేగంగా కొట్టి పైభాగం శుభ్రం చేయడం) చేయించండి. ఆ తర్వాత ఉత్తచేతులతో ముట్టుకోకండి, వేలి జిడ్డు కూడా మరక తెస్తుంది.