వారంలో పేపర్ వేయిస్తామంటున్నారు, డబ్బు కట్టాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఎం.ఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తర్వాత పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఒక్క పబ్లికేషన్ అయినా లేకపోతే ఇంటర్వ్యూలో కష్టమని సీనియర్లు అంటున్నారు. నాకు చెప్పుకోదగ్గ ల్యాబ్ వర్క్ లేదు. అందుకే యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ (బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడం) మీద రివ్యూ ఆర్టికల్, అంటే ఇప్పటికే వచ్చిన పరిశోధనలను సమీక్షించే వ్యాసం, రాద్దామనుకుంటున్నాను. ఈలోగా వాట్సాప్‌లో ఒక ఏజెన్సీ వాళ్లు పరిచయమయ్యారు. 18 వేలు కడితే వారంలో స్కోపస్ (పరిశోధన జర్నళ్ల డేటాబేస్) జాబితాలోని జర్నల్‌లో వేయిస్తామంటున్నారు. నాన్న డబ్బు సర్దుతానన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఏజెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఈ మాట నాన్నగారికి ఈరోజే చెప్పండి.

జర్నల్‌కు వచ్చిన వ్యాసాన్ని ముందు ఎడిటర్ చూస్తారు. పనికొస్తుందనుకుంటే ఆ సబ్జెక్టులో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపుతారు. వాళ్లు వీలు చూసుకుని చదివి, లోపాలు రాస్తారు. మీరు దిద్ది పంపాక మళ్లీ చూస్తారు. మామూలుగా దీనికి నెలలు పడుతుంది. వారంలో అయిపోతుందంటే మూడింటిలో ఒకటి జరుగుతూ ఉండాలి. ఆ జర్నల్ ఏదీ చదవకుండా డబ్బు తీసుకుని వేసేదై ఉండాలి, లేదా మంచి జర్నల్ పేరుతో తెరిచిన నకిలీ వెబ్‌సైట్ అయినా అయి ఉండాలి, అదీ కాకపోతే ఎవరో రాసిపెట్టిన వ్యాసంలో మీ పేరు ఇరికిస్తూ ఉండాలి. చివరిది అన్నిటికన్నా ప్రమాదం. అలాంటివి బయటపడితే జర్నల్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటుంది. కానీ మీ పేరు, దాని మీద 'రిట్రాక్టెడ్' అన్న ముద్ర ఇంటర్నెట్‌లో అలాగే ఉండిపోతాయి. ఇరవై రెండేళ్ల వయసులో ఆ మచ్చ మీకెందుకు?

'యూజీసీ అప్రూవ్డ్' అన్న మాట కూడా వాళ్లు వాడే ఉంటారు. నమ్మదగ్గ జర్నళ్లంటూ యూజీసీ నిర్వహించిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఇప్పుడు ఆ ముద్ర చూపించి ఎవరు డబ్బు అడిగినా నమ్మాల్సిన పని లేదు.

ఇక సీనియర్ల మాట. పబ్లికేషన్ ఉంటే మంచిదే, కాదనను. కానీ పీహెచ్‌డీ సీటుకు అసలు తలుపు అది కాదు. 2024 జూన్ నుంచి నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో మూడు కేటగిరీలు ఉన్నాయి: జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం. తర్వాతి రెండు కేటగిరీల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. మీ సబ్జెక్టుకు రాయాల్సింది సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్. పీహెచ్‌డీ పూర్తి చేసేవాళ్లు కూడా థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో పేపర్ వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022 నాటి నిబంధనల్లోనే తీసేసింది. అలాంటప్పుడు ఎం.ఎస్సీలో ఉన్న మీరు పేపర్ లేదని నిద్ర మానుకోవడం అనవసరం. రోజులో మంచి సమయం నెట్‌కే కేటాయించండి. రివ్యూ దాని తర్వాత.

మరి రివ్యూ వద్దా అంటే, తప్పకుండా రాయమనే అంటాను. సరిగ్గా చేస్తే ఇంటర్వ్యూ గదిలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ చదువే. ఒక చిన్న అంశం మీద నలభై యాభై పేపర్లు మూలంలో చదివి, ఎవరి కొలతను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలిగే ఎం.ఎస్సీ విద్యార్థులు అరుదు. సెలెక్షన్ కమిటీలు అలాంటివాళ్ల కోసమే చూస్తుంటాయి.

మీ అంశం మాత్రం చాలా పెద్దది. 'యాంటీబయాటిక్ రెసిస్టెన్స్' అని పబ్‌మెడ్‌లో (వైద్య, జీవశాస్త్ర పేపర్లు వెతికే వెబ్‌సైట్) కొడితే లక్షల్లో వస్తాయి. దాన్ని ఒక ప్రశ్నగా మార్చండి. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే చోటు మీకు సిటీ బస్సు దూరంలో ఉంది. 'పటాన్‌చెరు పరిసరాల నీళ్లలో యాంటీబయాటిక్ అవశేషాల గురించి ఇప్పటిదాకా ఏం కొలిచారు, అక్కడి బ్యాక్టీరియాలో రెసిస్టెన్స్ జీన్లకూ దానికీ ఉన్న సంబంధం ఎంతవరకు రుజువైంది?' ఇది ప్రశ్న. గత మూడు నాలుగేళ్లలో ఇదే ప్రశ్న మీద రివ్యూ వచ్చిందేమో ముందు వెతకండి. వచ్చి ఉంటే దాన్ని పూర్తిగా చదివి, అందులో వదిలేసినది ఏమిటో చూడండి. మీ ప్రశ్న అక్కడి నుంచి మొదలవ్వాలి.

తర్వాత ఎక్సెల్‌లో ఒక పట్టిక తెరవండి. నా దృష్టిలో రివ్యూ పనిలో సగం ఇక్కడే ఉంది. ఒక్కో పేపర్‌కు ఒక్కో వరుస: ఏ సంవత్సరం, నీళ్లు ఎక్కడ పట్టారు, ఎన్ని నమూనాలు, ఏ పద్ధతిలో కొలిచారు, ఏం దొరికింది, ఏ యూనిట్లో చెప్పారు, మీకు వచ్చిన అనుమానం ఏమిటి. ఆ చివరి గడి ఎప్పుడూ ఖాళీగా వదలకండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పేపర్ వేసింది. సుమారు 90 బల్క్ డ్రగ్ తయారీ సంస్థల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని అందులో తేల్చారు. 2009లో జెర్కర్ ఫిక్, లార్సన్ తదితరులు ఆ చుట్టుపక్కల నీటి వనరులను పరీక్షించారు. చెరువుల్లో అదే మందు లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. రెండూ గుండెలు అదిరే అంకెలే. అయితే మొదటిది శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిది, రెండోది చెరువు నీటిది. ఎక్కడా 'మూసీలో 31 మిల్లీగ్రాములు' అన్నది లేదు. మీరు తొందరలో అలా రాసేస్తే, మీ రివ్యూ చదివిన మరొకరు మిమ్మల్ని చూపించి అదే రాస్తారు. తప్పు అలా పాకిపోతుంది. అందుకే ఇంకొకరి పేపర్‌లో చూసిన అంకెను ఎత్తి రాయకండి, మూల పేపర్ తెరిచి చూశాకే రాయండి.

యూనిట్ల దగ్గర కూడా జాగ్రత్త. ఒకరు మైక్రోగ్రాముల్లో చెబుతారు, ఇంకొకరు నానోగ్రాముల్లో. లీటరుకు 31 మిల్లీగ్రాములంటే 31,000 మైక్రోగ్రాములు, అంటే 3 కోట్ల 10 లక్షల నానోగ్రాములు. అన్నింటినీ ఒకే యూనిట్లోకి మార్చి పట్టికలో పెడితేనే పోలిక కుదురుతుంది. ఆ పట్టికే రేపు మీ వ్యాసంలో అందరూ ముందు చూసే పేజీ అవుతుంది.

పేపర్లు దొరకడం సమస్యే. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు చదువుకోవచ్చు. అయితే అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు. మీది ప్రైవేటు కాలేజీ కాబట్టి పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉన్నవాటితో మొదలుపెట్టండి. దొరకనివాటికి ఆ పేపర్ కరెస్పాండింగ్ ఆథర్‌కు (సంప్రదించడానికి ఈమెయిల్ ఇచ్చిన రచయితకు) రెండు లైన్ల ఈమెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపుతారు, మొహమాటపడకండి. రిఫరెన్సులను సర్దుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి. అది ఉచితం. పైగా వెనక్కి తీసుకున్న పేపర్ ఏదైనా మీ జాబితాలో ఉంటే హెచ్చరిస్తుంది. ఏ రోజు, ఏ డేటాబేస్‌లో, ఏ పదాలతో వెతికారో కూడా రాసి పెట్టుకోండి. ప్రిస్మా 2020 మార్గదర్శకాల ప్రకారం రాసే సిస్టమాటిక్ రివ్యూకు (ముందే పెట్టుకున్న నియమాలతో పేపర్లన్నీ వెతికి వడపోసేది) వడపోత కోసం కనీసం ఇద్దరు మనుషులు, చాలా సమయం కావాలి. మీరు ఇప్పుడు దాని జోలికి వెళ్లొద్దు, ఎంచుకున్న పేపర్లను చర్చించే నరేటివ్ రివ్యూ చాలు. వెతికిన తీరును దాచకుండా చెప్పే అలవాటు మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోండి.

రాసేటప్పుడు కొత్తవాళ్లంతా ఒకే చోట ఇరుక్కుంటారు. 'ఫలానావారు 2007లో ఇలా అన్నారు, ఫలానావారు 2009లో అలా అన్నారు' అంటూ పేరాకో పేపర్ పేర్చుకుంటూ పోతారు. అది కిరాణా చిట్టీలా తయారవుతుంది. మీ పేరా ఒక పాయింట్‌తో మొదలవ్వాలి. 'శుద్ధి కేంద్రం దగ్గర మందు మోతాదు ఎంత ఎక్కువో గట్టి ఆధారాలున్నాయి, కానీ దిగువకు వెళ్లేకొద్దీ రెసిస్టెన్స్ జీన్లు ఎంత దూరం చేరుతున్నాయన్నది కొద్ది నమూనాల మీదే ఆధారపడి ఉంది' అని మీ పట్టిక చూపిస్తోందనుకుందాం. ఆ వాక్యంతో మొదలుపెట్టి, కింద నాలుగైదు పేపర్లను సాక్ష్యంగా పెట్టండి. మీ పట్టిక వేరే మాట చెబితే ఆ మాటే రాయండి. చివర్లో 'మరిన్ని పరిశోధనలు అవసరం' అని వదిలేయకుండా, ఏ చోట, ఏ కాలంలో, ఏది కొలిస్తే ఈ సందేహం తీరుతుందో చెప్పండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో 'ఏం చేద్దామనుకుంటున్నావు' అని అడిగితే మీ జవాబు అదే అవుతుంది.

భాష మీదే అయి ఉండాలి. ఇంగ్లిష్ సాదాగా ఉన్నా ఫర్వాలేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో 10 శాతం వరకు పోలిక ఉంటే చర్య ఉండదు, అంతకు మించితే ఉంటుంది. చాట్‌జీపీటీ లాంటివాటితో భాష దిద్దించుకుంటే, జర్నల్ అడిగిన తీరులో ఆ సంగతి వ్యాసంలో చెప్పండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగొద్దు, లేని పేపర్లను ఉన్నట్టు ఇస్తుంది. వేరే పేపర్‌లోని బొమ్మ వాడాలంటే ప్రచురణకర్త అనుమతి తీసుకోవాలి, లేదా దాని లైసెన్సు అందుకు ఒప్పుకోవాలి. నన్నడిగితే సొంతంగా గీసుకోవడమే మేలు.

ఇదంతా ఒంటరిగా చేయొద్దు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఈ సబ్జెక్టు తెలిసిన మేడమ్‌నో సార్‌నో కలవండి. ఒక పేజీలో మీ ప్రశ్న, ఇరవై పేపర్లతో నింపిన పట్టిక చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లి 'రివ్యూ రాద్దాం మేడమ్' అంటే ఎవరూ పట్టించుకోరు, పట్టిక చూస్తే కూర్చోబెడతారు. నిజంగా పనిచేసినవాళ్ల పేర్లే రచయితల్లో ఉండాలని మొదటి రోజే మర్యాదగా మాట్లాడుకోండి. స్నేహితురాలి పేరు ఊరికే చేర్చొద్దు.

జర్నల్‌ను రాయడం మొదలుపెట్టే ముందే ఎంచుకోండి. కొన్ని జర్నళ్లు రివ్యూలను ఆహ్వానం మీదే తీసుకుంటాయి. కొన్ని ముందు ఒక పేజీ ప్రతిపాదన అడుగుతాయి. పదాల పరిమితి కూడా ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది. 1932 నుంచి బెంగళూరు నుంచి వస్తున్న 'కరెంట్ సైన్స్' రివ్యూ వ్యాసాలు వేస్తుంది, దాని పాత సంచికలు తిరగేసి చూడండి. చందా మీద నడిచే జర్నళ్లలో మామూలుగా రచయిత డబ్బు కట్టక్కర్లేదు. మీ దారి అదే. ఓపెన్ యాక్సెస్‌కు (ఎవరైనా ఉచితంగా చదివేలా వేయడానికి) న్యాయంగానే రుసుము తీసుకునే మంచి జర్నళ్లూ ఉన్నాయి, కానీ ఎం.ఎస్సీ విద్యార్థి సొంత జేబు నుంచి అది కట్టకూడదని నా అభిప్రాయం. జర్నల్ పేరును, దాని గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్ఎస్ఎన్ నంబరును స్కోపస్ సొంత జాబితాలో పోల్చుకుని, వెబ్‌సైట్‌కు ఆ దారిలోనే వెళ్లండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు.

పంపడం పెద్ద పనేం కాదు. పరిశోధకుల గుర్తింపు సంఖ్య అయిన ఆర్కిడ్ నంబరు ఉచితంగా తీసుకోండి. కవర్ లెటర్‌లో జర్నల్‌ను పొగడకుండా, ఈ రివ్యూ ఇప్పుడెందుకు, పాతవాటిలో లేనిది ఏముంది అన్నది నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం మాత్రం తప్పు. ఒకచోట తేలాకే ఇంకోచోటికి. కొన్నిసార్లు నాలుగు రోజుల్లోనే 'మా పరిధిలో లేదు' అని తిరిగొస్తుంది. దానికి బెంగపడకుండా ఫార్మాట్ మార్చి తర్వాతి జర్నల్‌కు పంపండి. 'మేజర్ రివిజన్' (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని వస్తే అది మంచి వార్త. మీ వ్యాసం చదివిన రివ్యూయర్ రాసిన ప్రతి వాక్యాన్ని కాపీ చేసుకుని, కింద మీ జవాబు, ఏ పేజీలో ఏం మార్చారో రాయండి. ఒప్పుకోలేని చోట కారణం చూపించి మర్యాదగా కాదనవచ్చు.

ఈలోగా ఇంటర్వ్యూ వస్తే సీవీలో 'సబ్మిటెడ్' అనో 'అండర్ రివ్యూ' అనో ఉన్నదున్నట్టు రాయండి. ఇంకా పంపకపోతే 'ఇన్ ప్రిపరేషన్' అని రాసి, ఆ ఎక్సెల్ పట్టిక ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకెళ్లండి. అడిగితే చూపించండి.