మోడెమ్ ఎందుకు కూసేది?

ప్రశ్న: మా ఇంట్లో పాత సామాను సర్దుతుంటే 56కె అని రాసి ఉన్న మోడెమ్ ఒకటి దొరికింది. ఇంటర్నెట్ కలిసే ముందు అది కీచుమని అరిచేదనీ, నెట్ నడిచినంతసేపూ ఇంటికి ఫోన్లు వచ్చేవి కావనీ నాన్నగారు చెప్పారు. కారణం వివరిస్తారా?
– ఒక విద్యార్థిని, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: రెండింటికీ మూలం ఒక్కటే. టెలిఫోన్ తీగను మనిషి గొంతు కోసమే వేశారు. మాట అర్థం కావడానికి చాలినంత మేరకు, అంటే సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకు ఉన్న ధ్వనులనే ఎక్స్ఛేంజీ దాటనిచ్చేది. కంప్యూటర్‌లోని సున్నాలనూ ఒకట్లనూ ఆ ఇరుకు దారిలో పట్టే ధ్వనులుగా మలచి పంపడం, అవతలి నుంచి వచ్చిన ధ్వనులను మళ్లీ అంకెలుగా మార్చడం మోడెమ్ పని. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అనే మాటల ముక్కలు కలిసి దానికి ఆ పేరు వచ్చింది. నాన్నగారు విన్న కూత, రెండు మోడెమ్‌లు లైను నాణ్యతను పరీక్షించుకుని వేగం విషయంలో ఒక ఒప్పందానికి వచ్చే సంభాషణ. అది కుదరగానే స్పీకర్ ఆగిపోయేది గానీ లైనులో ధ్వనులు సాగుతూనే ఉండేవి.

ఎక్స్ఛేంజీకి అది మామూలు ఫోన్ కాల్ కనుక లైను మొత్తం దానికే అంకితమయ్యేది, బిల్లు లెక్కకు పల్సులు పడేవి, బయటివారికి ఎంగేజ్ టోన్ వినిపించేది. పక్క గదిలో ఎవరైనా ఎక్స్‌టెన్షన్ రిసీవర్ ఎత్తినా సంబంధం తెగిపోయేది. ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినప్పుడు అది మహానగరాలకే పరిమితం. మన జిల్లా నుంచి మద్రాసుకు డయల్ చేస్తే ఎస్టీడీ (దూరప్రాంతపు కాల్) ఖర్చు అదనం.

ఇక 56కె అంటే సెకనుకు 56 కిలోబిట్లు. ఎనిమిది బిట్లకు ఒక బైటు కనుక లెక్క ప్రకారం సెకనుకు 7 కిలోబైట్లే. 5 మెగాబైట్ల పాట దిగడానికి, లైను ఏ లోపమూ లేకుండా ఉన్నా, 12 నిమిషాలు పట్టేది. అదీ దిగే దిశలో మాత్రమే. ఇంటర్నెట్ సేవాసంస్థ నుంచి సమాచారం మన ఎక్స్ఛేంజీ వరకు అంకెలుగానే వస్తుంది. మనం పంపే ధ్వనిని మాత్రం ఎక్స్ఛేంజీ అంకెలుగా మార్చుకోవాలి. ఆ మార్పిడిలో కొంత కచ్చితత్వం పోతుంది కనుక ఎక్కే వేగం సాధారణంగా 33.6 కిలోబిట్లకు ఆగింది. తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు, దిగే ఘాట్ రోడ్డు వేరైనట్టే ఇక్కడా రెండు దిశలను విడిగా చూడాలి.

ప్రశ్న: ఫోన్ లైనుతో కలిసే డయలప్ ఇంటర్నెట్‌లో ప్రతిసారీ ఐపీ చిరునామా మారేదట, ఎందుకు?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఐపీ చిరునామా అంటే ఇంటర్నెట్‌లో ఒక్కో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య. అప్పటి చిరునామాలు 32 బిట్లవి, ప్రపంచమంతటికీ కలిపి సుమారు 430 కోట్లే. ఖాతాదారులందరూ ఒకేసారి డయల్ చేయరు కనుక, సేవాసంస్థ తన దగ్గరి మోడెమ్‌లకు సరిపడా చిరునామాలను ఉంచుకుని, కాల్ కలిసినవారికి ఒకటి అరువిచ్చేది. ఫోన్ పెట్టేయగానే అది మరొకరికి చేరేది. అందువల్లనే డయలప్ కంప్యూటర్‌లో వెబ్‌సైటు పెట్టి, ఫలానా చిరునామాకు రమ్మని ఇతరులకు చెప్పడం కుదిరేది కాదు.