పిల్లల చేతికి డబ్బు ఇచ్చేటప్పుడు

తమ్ముడికి, మరదలికి ప్రభువు నామంలో వందనాలు.

పాపకి పదహారు, బాబుకి పదమూడు వచ్చాయి, డబ్బు విషయంలో వాక్యానుసారంగా ఎలా పెంచాలని అడిగారు. ముందు వాళ్ల చేతికి సొంత డబ్బు రావాలి. అడిగినప్పుడల్లా పదో ఇరవయ్యో ఇచ్చే ఇంట్లో పిల్లలు నేర్చుకునేది అడగడమే.

బాబుకి ప్రతి శనివారం సాయంత్రం రెండు వందలు, అన్నీ పది నోట్లే ఇవ్వండి. ఒక్కటే నోటైతే పంచడం కుదరదు, ఫోన్‌లో వేస్తే తరిగిపోవడం కంటికి ఆనదు. నాలుగు కవర్లు పెట్టించండి. రెండు నోట్లు చర్చిలో వేసే కానుకకి, రెండు ఇబ్బందిలో ఉన్నవాళ్లకి, ఆరు దాచుకోవడానికి, పది ఖర్చుకి. కానుక కవరు ముందు నిండాలి. మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు. తాను వచ్చాక పోగుచెయ్యక్కర్లేకుండా ఆదివారం ఆదివారం కొంత తీసి ఉంచమని పౌలు కొరింథీయులకు రాశాడు కదా (1 కొరింథీ 16:2).

కానుక సంచి దగ్గరికి వచ్చేసరికి నాన్న జేబులోంచి నోటు తీసి పిల్లాడి చేతిలో పెట్టడం చాలా సంఘాల్లో చూస్తాం. అది నాన్న కానుక. పిల్లాడి దగ్గర ఏమీ తగ్గలేదు. "ఇంత వేస్తే దేవుడు రెండింతలు ఇస్తాడు" అని కూడా దయచేసి నేర్పకండి. పరీక్షల ముందు ఎక్కువ వేసి, మార్కులు తగ్గితే దేవుడి మీద అలిగే పిల్లలు అలాగే తయారవుతారు. సణుగుతూ, బలవంతంగా కాదు, ఉత్సాహంగా ఇమ్మంటుంది వాక్యం (2 కొరింథీ 9:7).

ఖర్చు కవరులో ఏమేం వస్తాయో ముందే కాగితం మీద రాయండి: చిరుతిళ్లు, పెన్నులు, స్నేహితుల పుట్టినరోజులు. టిఫిను, బస్ పాసు, ఫీజులు మీవే. బుధవారానికే అయిపోతే శనివారం దాకా ఆగనివ్వండి. అమ్మ చాటుగా ఇరవై ఇస్తే అక్కడితో పాఠం ఆగిపోతుంది. మరదలా, ఇది నీకే కష్టం, తెలుసు.

తేదీ, దేనికి, ఎంత అని చిన్న పుస్తకంలో రాయించి, శనివారం కవరులో మిగిలినదానితో సరిచూడండి. పది రూపాయలు తేడా వస్తే గద్దించకండి. గద్దిస్తే దొంగలెక్క రాస్తారు, అది పోయిన పది కన్నా నష్టం.

పాపకి నెలకోసారి ఇచ్చి, ఫోన్ రీఛార్జి కూడా తననే చూసుకోమనండి. ఒక నెల ఇంటి లెక్క ముందు పెట్టండి: బియ్యం, కరెంటు బిల్లు, చీటీ, వాయిదాలు. అప్పు చేసినవాడు ఇచ్చినవాడికి దాసుడని సామెతలు 22:7 చదివించి లెక్క కట్టించండి. పదిహేను వేల ఫోనుకి నూటికి మూడు వడ్డీకి అప్పు తెస్తే నెలకి 450, ఏడాదికి 5,400, అసలు అలాగే ఉంటుంది. హామీ సంతకాల గురించి సామెతలు 6లో ఉన్న హెచ్చరిక కూడా చదివించండి. "నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అని కాలేజీ పిల్లల్ని అడిగేవాళ్లుంటారు. దొంగ సొమ్ము ఆ ఖాతాలోంచి వెళ్తే పోలీసులు ముందు వెతికేది ఖాతాదారునే. ఈ మాట ఇప్పుడే చెప్పండి.

తిన్న కంచం కడిగినందుకు డబ్బులివ్వకండి. బయటివాళ్లకి ఇచ్చి చేయించే పని, ట్యాంకు కడగడం లాంటిది చేస్తే, వాళ్లకిచ్చే కూలీ మొత్తం ఇవ్వండి. అందులోనూ కానుక ముందు తీయాలి.

దాచిన కవరులో 500 కాగానే పోస్టాఫీసులో పొదుపు ఖాతా తెరిపించండి. పదేళ్లు నిండినవాళ్లు సొంతంగా నడుపుకోవచ్చు. డబ్బు కట్టే చలానా బాబు చేతే రాయించండి.