ఫ్రిజ్‌లో తాళాలు: డాక్యుమెంటరీ మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కెమెరా ఏది కొనాలన్న ప్రశ్న ఒక్కటీ లేదు. సంతోషం. దాదాపు అన్నీ మాట్లాడించడం గురించీ, ఆ మాటల్ని ఏం చేయాలన్నదాని గురించీ వచ్చినవే.

ప్రశ్న: మా ఫిల్మ్ సొసైటీలో వచ్చే నెల ఒక డాక్యుమెంటరీ వేస్తున్నాం. తీసిన దర్శకురాలు కూడా వస్తున్నారు. సినిమా అయ్యాక ఆవిడతో అరగంట మాట్లాడించాలి. ఇదివరకు వచ్చినవాళ్ళంతా పత్రికల్లో చెప్పిన మాటలే మళ్ళీ చెప్పి వెళ్ళారు. ఏం అడిగితే పని గురించి నోరు విప్పుతారు?

జవాబు: "ఈ సినిమా తీయాలని ఎందుకనిపించింది?" అన్న ప్రశ్నని ముందు కొట్టేయండి. దానికి ఆవిడ దగ్గర చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబు ఉంటుంది. సినిమాని ముందే ఒకసారి చూసి, కాగితం మీద నిమిషాలు వేసుకోండి. "23వ నిమిషంలో ముసలాయన మాట మధ్యలో ఆపేసి కిటికీ వైపు చూస్తాడు. అక్కడ 9 సెకన్లు కట్ చేయకుండా ఉంచారు. ఆ చూపు అప్పటిదేనా, వేరే చోటి నుంచి తెచ్చి పెట్టారా?" అని అడగండి. దీనికి తయారు జవాబు ఉండదు. ఆవిడ ఆ రోజుని గుర్తు తెచ్చుకుని తీరాలి.

మొత్తం ఎన్ని గంటలు తీశారు, మొదటి రోజు తీసినదాంట్లో ఏమైనా మిగిలిందా, ఆ గదిలో కెమెరా వెనక ఎంతమంది ఉన్నారు, తెరమీద ఉన్నవాళ్ళు సినిమా చూశారా, షూటింగ్ ఇక చాలని ఎలా తెలిసింది, డబ్బు ఎక్కడిది? ఇవన్నీ పనికొచ్చే ప్రశ్నలే. ఒక్కటే అడిగే వీలుంటే మాత్రం "ఆఖరున తీసేసిన సీను ఏది?" అని అడగండి. చివరిదాకా బతికి ఆఖర్లో పోయిన సీను సాధారణంగా తీసినవారికి బాగా ఇష్టమైనదై ఉంటుంది. అంత ఇష్టమైనదాన్ని ఎందుకు వదులుకున్నారో చెప్పాలంటే సినిమా కట్టుబడి మొత్తం విప్పి చూపించాల్సిందే.

ఏ సినిమాకి ఏ ప్రశ్న అన్నది కూడా చూసుకోవాలి. అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ సినిమాల్లో ఇంటర్వ్యూలుండవు, వ్యాఖ్యానముండదు. షూటింగులో సౌండ్ ఆయనే పట్టేవారు, కెమెరా ఇంకొకరిది, ఎడిటింగ్ మళ్ళీ ఆయనదే. అలాంటి పద్ధతిలో తీసినవారిని "మీ సందేశం ఏమిటి?" అంటే మొహం మొత్తుతుంది. "మైకు పట్టుకుని మీరెక్కడ నిలబడ్డారు?" అంటే పది నిమిషాలు చెబుతారు.

నిర్వహణ సంగతి: మొదటి 10 నిమిషాలు మీరే అడగండి, మిగతాది సభకి వదలండి. సభలో తిరిగే మైకుని కార్యకర్త చేతిలోంచి వదలకూడదు. "ప్రశ్న కాదు గానీ, ఒక్క మాట..." అని లేచేవారి చేతికి మైకు చిక్కిందంటే మీ అరగంట అయిపోయినట్టే. వెనక వరసలకి వినపడని ప్రశ్నని మీరొకసారి తిరిగి చెప్పండి.

ప్రశ్న: ఇంటర్వ్యూలకి కాలర్ మైకు ఒకటి, పైనుంచి కర్రకి కట్టిన బూమ్ మైకు ఒకటి వాడుతున్నాను. అయినా ఆగకుండా గుయ్యిమనే హమ్, బట్టల గరగర, గది మోత పోవడం లేదు. ఎక్కడ పొరపాటు?

జవాబు: హమ్ రెండు రకాలు. ఒకటి తీగలోంచి వచ్చేది, రెండోది గాలిలోంచి వచ్చేది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, రికార్డర్‌కీ కెమెరాకీ ఉన్న చార్జర్లు పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోతే అది కరెంటుది. ఇంటర్వ్యూ అయ్యేదాకా బ్యాటరీ మీదే ఉండండి. పోకపోతే గదిలో ఏదో మోగుతోందన్నమాట: ఫ్రిజ్, ఫ్యాన్, ఏసీ, అక్వేరియం పంపు. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళాలు దాంట్లో పడేయండి. సౌండ్ పనివాళ్ళు ఎప్పటినుంచో పాటించే చిట్కా ఇది. తాళాలు లేనిదే మీరు ఇంటికి వెళ్ళలేరు కాబట్టి ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోరు. మరిచిపోతే ఆ ఇంటివాళ్ళ పాలు విరిగిపోతాయి, రెండో ఇంటర్వ్యూకి వాళ్ళు తలుపు తీయరు.

గది మోతకి మందు దూరం తగ్గించడమే. మైకు దూరం సగానికి తగ్గితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం అక్కడే ఉంటుంది. బూమ్ ఫ్రేముకి కాస్త పైన, నోటికి 40 నుంచి 60 సెంటీమీటర్ల లోపు, మొన గుండె వైపు చూస్తూ ఉండాలి. మీది పొడవాటి షాట్‌గన్ మైకైతే, చిన్న గదుల్లో గోడల మీంచి తిరిగొచ్చే శబ్దంతో గొంతు డొల్లగా వినపడుతుంది. అలాంటి చోట హైపర్‌కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొట్టి రకం) నయం. అది లేకపోతే ఫ్రేములో కనపడని గోడలకీ, నేలకీ దుప్పట్లు, బొంతలు వేయండి. గది మధ్యలో కూర్చోబెట్టకండి, గోడకి ఆనించి కూడా కూర్చోబెట్టకండి.

గరగరకి కారణం మైకు కాదు, బట్ట. గంజి పెట్టిన నూలు, పట్టు, నైలాన్ మోగుతాయి. ఉతికి మెత్తబడ్డ నూలు మోగదు. ఏం కట్టుకోవాలో ముందురోజే మర్యాదగా చెప్పండి. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. టేపుని జిగురు బయటికి వచ్చేలా చిన్న త్రికోణంగా మడిచి రెండు చేసుకోండి. మైకుని ఆ రెండింటి మధ్య పెట్టి, ఒకటి బట్టకీ ఒకటి ఒంటికీ అంటించండి. బట్ట కదిలినా మైకు దాంతో పాటే కదులుతుంది, రాసుకోదు. మైకు కిందే తీగని చిన్న ఉంగరంలా చుట్టి టేపు వేస్తే లాగుడు మైకుదాకా రాదు. మెడలో గొలుసు ఉంటే ఒకసారి ముందుకి వంగమని చూడండి. ఎక్కడ తగులుతుందో అప్పుడే తెలుస్తుంది.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మామూలు మాట మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, నవ్వినా అరిచినా మైనస్ 6 దాటకూడదు. 32 బిట్ ఫ్లోట్ (ఎక్కువైన శబ్దాన్ని తర్వాత తగ్గించుకోనిచ్చే రికార్డింగ్ పద్ధతి) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. మైకు దగ్గరే పగిలిన గొంతుని అది అతికించలేదు. లేవబోయే ముందు అందరూ అక్కడే ఉండి, నోరు మూసుకుని, ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయండి. ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య పూడ్చే మట్టి అదే. అది లేకపోతే ప్రతి కట్ దగ్గరా శబ్దం గోతిలో పడి లేచినట్టుంటుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూ జరుగుతున్నప్పుడు అద్భుతంగా ఉంటుంది. ఎడిటింగులో కూర్చుంటే ఒక్క ముక్కా విడిగా నిలబడదు. నా గొంతు సినిమాలో ఉండకూడదని నా పట్టుదల.

జవాబు: సగం తప్పు మన భాష నడకది, సగం మీది. "ఈ ఊరికి ఎప్పుడొచ్చారు?" అంటే "పెళ్ళయ్యాక" అంటారు. మీ గొంతు తీసేస్తే ఆ ఒక్క మాట జవాబుకి తలా తోకా లేదు. పైగా తెలుగులో కర్తని సులువుగా వదిలేస్తాం. "వచ్చాడు, చూశాడు, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు." ఎవరు? ఎదురుగా కూర్చున్న మీకు తెలుసు, ప్రేక్షకుడికి తెలీదు. క్రియేమో ఆఖర్న వస్తుంది. "వెళ్ళి, అడిగి, తిరిగొచ్చి, మళ్ళీ ఆలోచించి..." అంటూ ఒక నిమిషం సాగాక గానీ వాక్యం ముగియదు. "తిరిగొచ్చి" దగ్గర కోస్తే గొంతు గాలిలో వేలాడుతుంది, వినేవాడు ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తూ తర్వాతి షాటుని వదిలేస్తాడు.

అందుకని మొదట్లోనే ఒక ఉదాహరణతో చెప్పండి: "నా ప్రశ్న వినపడదండీ. 'పెళ్ళయ్యాక' అనకుండా 'నేను ఈ ఊరికి పెళ్ళయ్యాక వచ్చాను' అనండి." రెండు మూడు జవాబులకి అలవాటైపోతుంది. మధ్యలో మరిచిపోతే ఆపకండి, పూర్తయ్యాక "ఆయనంటే ఎవరండీ?" అని మామూలుగా అడగండి. జవాబు గొలుసుకట్టుగా సాగితే చివర "మరి ఆఖరికి ఏమైంది?" అని అడిగి ఒక పొట్టి వాక్యం రాబట్టుకోండి. ఎడిటింగులో ఆ గొలుసుని ఎక్కడ తెంపినా ముడి వేయడానికి అది పనికొస్తుంది.

ఇంకొకటి, ఊఁ కొట్టడం. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఉండాలన్నది మన అలవాటు. మైకుకి అది విషం. చెప్పేవాళ్ళ మాట మీద పడ్డ మీ "ఊఁ", "అయ్యో" శుభ్రంగా విడదీయడం చాలా కష్టం. తల ఊపండి, కళ్ళతో ఊఁ కొట్టండి. జవాబు అయిందనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టి గానీ తర్వాతి ప్రశ్న వేయకండి. ఆ మౌనంలో చెప్పేవి చాలాసార్లు మొత్తం ఇంటర్వ్యూలోకెల్లా మంచి మాటలవుతాయి. కాకపోయినా కట్ చేయడానికి చోటైనా దొరుకుతుంది.

ఇదంతా చేయక, ఒక చోటి కర్తనీ ఇంకో చోటి క్రియనీ అతికి వాక్యం తయారుచేసే పద్ధతి ఒకటుంది. ఎడిటర్లు దాన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. దగ్గులు, తడబాట్లు తీసేయడం వరకు సరే. మనిషి అనని మాటని ఆ మనిషి నోట్లో పెట్టకండి. అతుకు తెలియకపోయినా అది అబద్ధమే.

ప్రశ్న: ఫోన్‌తో వీడియో, విడిగా రికార్డర్‌తో ఆడియో. మొదట్లో పెదవులు కలుస్తాయి, 40వ నిమిషానికి తప్పుతాయి. ఎందుకు?

జవాబు: ఎంత తప్పిందో కొలవండి. సుమారు 2.4 సెకన్లయితే, సెకనుకి 30 ఫ్రేముల వీడియోకీ 29.97 ఫ్రేములకీ ఎక్కడో తికమక జరిగింది; ఆ తేడా వెయ్యికి ఒకటి, గంటకి 3.6 సెకన్లు. క్లిప్‌నీ టైమ్‌లైన్‌నీ ఒకే లెక్కలోకి తెస్తే సరి. రెండు మూడు ఫ్రేములే అయితే రెండు యంత్రాల గడియారాలు కాస్త వేరుగా నడిచాయి, అది మామూలే. 20 నిమిషాలకోసారి కెమెరాకి కనపడేలా చప్పట్లు కొట్టి, ఆ చప్పట్ల దగ్గర క్లిప్‌ని ముక్కలు చేసి కలపండి. ఒకచోట ముందుకి, ఒకచోట వెనక్కి పోతుంటే దోషం ఫోన్‌ది: చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని వెలుతుర్నిబట్టి మార్చేస్తుంటాయి. ఎడిటింగుకి ముందే వీడియోని స్థిరమైన ఫ్రేము రేటులోకి మార్చుకోండి. మార్చకుండా మొదలుపెట్టి సగం సినిమా కట్ చేసేశారంటే మళ్ళీ మొదటికే.

ప్రశ్న: 60 గంటల ఫుటేజీ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు నెలలుగా అది తెరవలేదు.

జవాబు: ముందు కాపీల సంగతి. సెకనుకి 100 మెగాబిట్ల వీడియో అయితే గంటకి 45 జీబీ, 60 గంటలకి 2.7 టెరాబైట్లు. మూడు కాపీలుండాలి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. మౌస్‌తో లాగి పడేయకుండా చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందో లేదో తేల్చే అంకె) చూసే సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేయండి. సగంలో తెగిన ఫైలు పేరు, ఐకాను మామూలుగానే కనపడతాయి, తెరిచినప్పుడే బండారం బయటపడుతుంది.

తర్వాత అంతా ఒకసారి చూడాలి. రోజుకి 4 గంటల చొప్పున 15 రోజులు. అంతకన్నా ఎక్కువ చూస్తే కళ్ళు చూస్తాయి, బుర్ర చూడదు. చూస్తున్నప్పుడు కట్ చేయకండి. క్లిప్ నంబరు, టైమ్‌కోడ్ (క్లిప్‌లో ఆ చోటు సమయం), ఒక్క వాక్యం రాసుకోండి. మిమ్మల్ని నవ్వించినచోటా ఉలిక్కిపడేలా చేసినచోటా ఒక నక్షత్రం పెట్టండి. ఆ మొదటి స్పందన మళ్ళీ రాదు. పదోసారి చూసేసరికి అంతా ఒకేలా ఉంటుంది. ఇంటర్వ్యూల మాటలన్నీ కాగితం మీదకి ఎక్కించండి. యంత్రం రాసిపెట్టినదాన్ని వింటూ దిద్దాలి, మాండలికాన్ని అది తన ఇష్టమొచ్చినట్టు రాస్తుంది.

నక్షత్రాల సీన్లని చీటీల మీద రాసి గోడకి అంటించి, జరుపుతూ చూడండి. కాగితం మీద చక్కగా అమరిన వరస తెరమీద తేలిపోవచ్చు, ఎందుకంటే కాగితంలో మాటలుంటాయి, మొహం ఉండదు. మొదటి అసెంబ్లీ (సీన్లన్నీ వరసగా కలిపిన తొలి రూపం) మూడు గంటలు వస్తే బెంగపడకండి. గంటన్నరకి దిగాక విషయం తెలియని నలుగురికి చూపించండి. వాళ్ళ మాటలకన్నా కుర్చీలో వాళ్ళ కదలికలు చూడండి. "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడగండి, "ఎలా మార్చాలి?" అని అడగకండి. 50వ నిమిషంలో విసుగొచ్చిందంటే రోగం చాలాసార్లు 35వ నిమిషంలో ఉంటుంది.

ప్రశ్న: ఒకామె మొహం, గొంతు దాచమన్నారు. మొహానికి బ్లర్, గొంతుకి పిచ్ (శ్రుతి) మార్పు చాలా?

జవాబు: చాలదు. పిచ్ మార్చిన గొంతుని వెనక్కి మార్చొచ్చు. ఆమె మాటల్ని అక్షరం పొల్లుపోకుండా వేరొకరి చేత చదివించి, ఆ సంగతి తెరమీద వేయండి. మొజాయిక్ (మొహాన్ని గళ్ళుగా మార్చడం), పల్చటి బ్లర్ నమ్మదగినవి కావు. అసలు షూటింగులోనే మొహం రాకుండా చేతులు, వెనకనుంచి నీడ తీయడం మేలు. చేతుల మీద పచ్చబొట్టు, ఉంగరం, గోడ మీద క్యాలెండర్, కిటికీలోంచి కనపడే బోర్డు, బయటి గుడి మైకో బడి గంటో కూడా మనిషిని పట్టిస్తాయి. ఫైళ్ళ పేర్లలో ఆమె పేరు పెట్టకండి. అసలు ఫుటేజీ ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని) డిస్కులోనే ఉండాలి.

ప్రశ్న: సినిమాలో కనపడటానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం చేసిన వ్యక్తి ఇప్పుడు తన భాగం తీసేయమంటున్నారు. తీయాలా?

జవాబు: కాగితం మీకు హక్కునిస్తుంది, అంతే. ముందు ఎందుకో కనుక్కోండి. చాలాసార్లు అభ్యంతరం మొత్తం భాగం మీద ఉండదు, ఒక్క వాక్యం మీదో ఒక పేరు మీదో ఉంటుంది. ఆ వ్యక్తికి హాని జరుగుతుందంటే తీసేయండి, సినిమా కుంటినా సరే. "నేను లావుగా కనపడ్డాను" అంటే ఓపికగా నచ్చచెప్పండి. ఈ గొడవ రాకుండా ఉండాలంటే పిక్చర్ లాక్‌కి (ఇక కట్‌లు మార్చమని తేల్చుకునే దశకి) ముందే ఎవరి భాగం వాళ్ళకి చూపించాలి. అయితే "ఇందులో తప్పులుంటే చెప్పండి" అని చూపించాలి గానీ, ఎడిటింగ్ వాళ్ళ చేతిలో పెడుతున్నట్టు కాదు. తేడా ముందే చెప్పుకోండి.

ప్రశ్న: ఇంటర్వ్యూ కింద సంగీతం వేయొచ్చా?

జవాబు: ముందు లేకుండా చూడండి. మనిషి చెప్పేది నిలబడితే అక్కర్లేదు, నిలబడకపోతే వీణ పెట్టినా నిలబడదు. తప్పదనుకుంటే మాట ముగిశాక మొదలుపెట్టండి. మాట కిందే ఉండాలంటే పాడే గొంతు లేనిది తీసుకుని, మాటకన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించి, ల్యాప్‌టాప్ చిన్న స్పీకర్లలో కూడా ఒకసారి వినండి.