బ్రెయిడ్ స్పూల్ మీద జారిపోతుంటే ఎలా చుట్టాలి?

మీరు చెప్పింది ఇదీ: చేపలు పట్టే 4000 సైజు స్పిన్నింగ్ రీలు, స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) మీద 0.30 మి.మీ. – 200 మీ. అని ఉంది, అంటే అంత మందం దారం అంత పొడవు పడుతుంది. దాని మీద 0.20 మి.మీ. బ్రెయిడ్ (అల్లిన గాలపు దారం) 150 మీటర్లు నేరుగా చుట్టారు. స్పూల్ మూడో వంతే నిండింది, విసిరితే దూరం పోవడం లేదు, డ్రాగ్ (స్పూల్ తిరగకుండా పట్టి ఉంచే బ్రేకు) ఎంత బిగించినా చేప లాగితే దారం వెళ్లిపోతోంది.

డ్రాగ్ విప్పే ముందు ఒక్కటి చూడండి. డ్రాగ్ పూర్తిగా బిగించి, చేతికి గుడ్డ చుట్టుకుని దారం లాగండి. దారంతోపాటు స్పూల్ కూడా తిరిగితే లోపం డ్రాగ్‌లోనే. స్పూల్ కదలకుండా దారం చుట్ట మొత్తం దాని మీద తిరుగుతుంటే డ్రాగ్ బాగానే ఉంది, బ్రెయిడే జారుతోంది. నూటికి తొంభైసార్లు రెండోదే అవుతుంది.

బ్రెయిడ్ అంటే చాలా నున్నటి పాలిథీన్ పోగుల అల్లిక. అది దాదాపు సాగదు. నైలాన్ దారం చుట్టేటప్పుడు కాస్త సాగి, మళ్లీ కుంచించుకుంటూ స్పూల్‌ను గట్టిగా పట్టేసుకుంటుంది. బ్రెయిడ్‌కు ఆ గుణం లేదు, అందుకే నున్నటి లోహం మీద పట్టు దొరకదు. దానికోసమే అడుగున నైలాన్ వేస్తారు. ఖరీదైన బ్రెయిడ్ ఆదా కావడం దానితో వచ్చే రెండో లాభం మాత్రమే. కొన్ని స్పూళ్లకు నడుమ రబ్బరు పట్టీ ఉంటుంది. వాటికి నేరుగా చుట్టినా జారదు గానీ, మీకు స్పూల్ నిండాలి కాబట్టి నైలాన్ ఎలాగూ కావాలి.

ఎంత నైలాన్ వేయాలో లెక్క తేలికే. దారం ఆక్రమించే చోటు మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మీ స్పూల్ సామర్థ్యం 200 × 0.30 × 0.30 = 18. మీ బ్రెయిడ్‌కు కావలసింది 150 × 0.20 × 0.20 = 6. మిగిలిన 12ను 0.09తో భాగిస్తే 0.30 నైలాన్ 133 మీటర్లు. కానీ అంత వేయకండి. బ్రెయిడ్ మెత్తగా, చదునుగా ఉంటుంది కాబట్టి దాని మందం కొలత ఎప్పుడూ ఉజ్జాయింపే, చాలావాటి అసలు మందం అట్ట మీద రాసినదానికంటే ఎక్కువే ఉంటుంది. 110 మీటర్లతో మొదలుపెట్టండి. బ్రెయిడ్ మీద పీఈ నంబరు (దారం లావును తెలిపే జపాన్ కొలత) ఉంటే లెక్క ఇంకా సులువు: నంబరు రెట్టింపైతే పట్టే పొడవు సగం. పీఈ 1 అనేది 300 మీటర్లు పట్టే స్పూల్‌లో పీఈ 2 అయితే 150 మీటర్లే పడుతుంది.

110 మీటర్లు కొలవడానికి టేపు అక్కర్లేదు. ఖాళీ స్పూల్ చుట్టుకొలత 12 సెం.మీ., గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక తిప్పుకు పడే చుట్లు) 5.2 అనుకుంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే 62 సెం.మీ. ఎక్కుతుంది. చుట్ట లావెక్కేకొద్దీ ఇది కొంచెం పెరుగుతుంది. కాబట్టి దాదాపు 170 తిప్పులు.

ముడి వేసే ముందు బెయిల్ (దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే తీగ) తెరవండి. మూసి ఉండగా స్పూల్‌కు ముడి వేసి, హ్యాండిల్ తిప్పినా దారం ఎక్కడం లేదని తల పట్టుకునేవాళ్లు చాలామంది. నైలాన్ చుట్టాక రెండింటినీ డబుల్ యూని ముడితో కలపండి. నైలాన్ వైపు 4 చుట్లు చాలు, బ్రెయిడ్ వైపు 7 లేదా 8 ఉండాలి, లేకపోతే ముడిలోనే జారిపోతుంది. ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి, కొసలు దగ్గరగా కత్తిరించండి.

ఇక అసలు పని బిగువు. వదులుగా చుట్టిన బ్రెయిడ్ చూడ్డానికి బాగానే ఉంటుంది. పెద్ద చేప లాగినప్పుడో, గాలం రాయికి తగులుకుని మీరు గుంజినప్పుడో పై వరస కింది వరసల్లోకి దిగబడుతుంది. తర్వాత విసిరితే ఆ చోట టక్కున ఆగి, ఎర తెగి ఎగిరిపోతుంది, లేదా వరసలన్నీ ఒకేసారి లేచి పిచ్చుకగూడు అవుతుంది. బ్రెయిడ్‌ను అది వచ్చిన చక్రంతో సహా కాసేపు నీళ్లలో నానబెట్టి, ఆ చక్రంలో పెన్సిలు దూర్చి ఒకరిని పట్టుకోమనండి. దారం గాలపు కర్రకున్న మొదటి రింగులోంచి మాత్రమే రావాలి. రీలుకు ముందు తడిగుడ్డతో గట్టిగా పట్టుకుని చుట్టండి. వట్టి వేళ్లు కోసుకుపోతాయి. పొడిగుడ్డతో ఒరుసుకుంటే వేడెక్కుతుంది, పాలిథీన్‌కు వేడి పడదు. చుట్టాక బొటనవేలితో నొక్కితే చుట్ట గట్టిగా తగలాలి, మెత్తగా లోపలికి పోకూడదు.

అంచుకు 2 మి.మీ. కిందే ఆపండి. 3 ఉన్నా ఫర్వాలేదు, కాస్త దూరం తగ్గుతుందంతే. అంచు దాకా నింపితే మాత్రం విసిరిన ప్రతిసారీ ఉచ్చులు జారి గాల్లోనే ముళ్లు పడతాయి. చుట్ట ఆకారమూ చూడండి. ముందు అంచువైపు ఉబ్బితే స్పూల్ కింద పల్చటి వాషర్ ఒకటి వేయండి, వెనకవైపు ఉబ్బితే ఒకటి తీయండి. ఈ వాషర్లు తరచు రీలు పెట్టెలోనే వస్తాయి, చాలామంది అవేమిటో తెలియక పారేస్తారు.

ముందే 150 మీటర్లు చుట్టేశారు గనక లెక్క వేయకుండా సరిచేసే దారి కూడా ఉంది. అదే రీలుకు రెండో స్పూల్ ఉంటే, ఇప్పుడున్న బ్రెయిడ్ మీదే నైలాన్ కట్టి, 2 మి.మీ. మిగిలేదాకా నింపి, మొత్తాన్ని రెండో స్పూల్‌కు ఎక్కించండి. నైలాన్ అడుగుకు, బ్రెయిడ్ పైకి వస్తుంది, కొలత కచ్చితంగా కుదురుతుంది. రెండో స్పూల్ లేకపోతే ఖాళీ చక్రాలు రెండు కావాలి. ఒక్కదానితో చేస్తే దారం మళ్లీ తలకిందులే.

విసిరాక బెయిల్ చేత్తో మూయండి, దారాన్ని ఒకసారి లాగి బిగువు చేసి అప్పుడు తిప్పండి. గాల్లో పడే ముళ్లలో సగం ఈ ఒక్క అలవాటుతో పోతాయి. ఉప్పునీళ్లలో వాడితే మంచినీళ్లతో కడగండి. రంగు వెలిసిందని బ్రెయిడ్ పారేయకండి. అరిగేది ముందున్న 50, 60 మీటర్లే, తిరగేసి చుట్టుకుంటే లోపలి సగం కొత్తదానిలా పనిచేస్తుంది.

కొరమీను కోసమైతే మాత్రం 0.20 సన్నమని నా అభిప్రాయం. గుర్రపుడెక్కలోంచి, తామరాకుల మధ్యనుంచి లాక్కురావడానికి 0.28 నుంచి 0.32 తీసుకోండి. అప్పుడు లెక్క మారుతుంది: 0.30 అయితే 150 మీటర్లకే 13.5 పోతుంది, నైలాన్‌కు 50 మీటర్ల చోటే మిగులుతుంది. 35తో మొదలుపెట్టండి. పండుగప్పకు వెళ్తే బ్రెయిడ్ ముందు లీడర్ (కొసన కట్టే లావుపాటి దారపు ముక్క) తప్పనిసరి, దాని మొప్పల అంచు బ్లేడులా కోస్తుంది.